బ్రిటన్ బీచ్ ఆర్కేడ్లలో 2 పెన్స్ కాయిన్ పుషర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు మొదలై బ్లాక్‌పూల్, బ్రైటన్, సౌతెండ్ ప్రయాణాలు ఊపందుకోగానే యూకే తెలుగు గ్రూపుల్లో ఒకటే గోల: అంచు మీద అన్ని బిళ్లలు వేలాడుతున్నా పడవేం, ట్రిక్కేమైనా ఉందా అని. కాయిన్ పుషర్ అంటే అద్దాల పెట్టెలాంటి ఆట యంత్రం: స్లాట్‌లో వేసిన బిళ్ల లోపల ముందుకూ వెనక్కూ కదిలే పై అర మీద పడుతుంది, ఆ అర కింది పళ్లెంలోని బిళ్లలను తోస్తుంది, ముందు అంచు దాటి పడినవి మీవి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లొచ్చు.

## వెళ్లేముందు

అన్నా, నిజంగా గెలవచ్చా? ఒక్క ముక్కలో చెప్పు.

ఒక పూటకు గెలవచ్చు. రోజూ వెళ్లి గెలవడం మాత్రం కుదరదు.

లోపలి పళ్లెం ఎప్పుడూ దాదాపు నిండుగానే ఉంటుంది. కాబట్టి ఒక బిళ్ల లోపలికి వెళ్తే, కాస్త వెనకాముందుగా, ఒక బిళ్ల బయటికి రావాల్సిందే. బయటికి రావడానికి దారులు రెండు. ముందు అంచు దాటితే మీ ట్రేలో పడుతుంది. కుడి ఎడమ పక్కల్లో ఉన్న సందుల్లోకి జారితే యజమాని గల్లాపెట్టెలో పడుతుంది. ఆ పక్క సందులే ఆయన లాభం. మీరు చేయగలిగిందల్లా పక్కకు పోయే వాటాను కొంత తగ్గించడం, మంచి స్థితిలో ఉన్న మెషీన్ చూసుకుని కూర్చోవడం, వచ్చినప్పుడు లేచిపోవడం.

ఎంత పట్టుకెళ్లాలి? 10 పౌండ్లు ఎంతసేపు వస్తాయి?

10 పౌండ్లకు 500 బిళ్లలు. ఒక్కో బిళ్ల 7.12 గ్రాములు, అంటే మూడున్నర కిలోల బరువు. ఒకేసారి మార్చుకుంటే మోయలేక చస్తారు. రెండేసి పౌండ్లు మార్చుకోండి.

ఇప్పుడు లెక్క. వేసిన వాటిలో అయిదో వంతు పక్కలకు పోతుంది అనుకుందాం (ఇది ఉదాహరణకే, మెషీన్‌ను బట్టి మారుతుంది). వచ్చినవన్నీ మళ్లీ వేస్తూ పోతే 500 బిళ్లలతో మొత్తం 2,500 సార్లు వేయొచ్చు. మూడు సెకన్లకొకటి వేస్తే రెండు గంటలు. తాపీగా ఆరు సెకన్లకొకటి వేస్తే నాలుగు గంటలు. డబ్బు అంతే, ఆట రెట్టింపు. పక్కలకు అయిదింట రెండు వంతులు పోయే చెత్త మెషీన్ అయితే 1,250 సార్లతో సరి. నన్నడిగితే ఈ ఆటలో అందరికీ అందుబాటులో ఉన్న గెలుపు ఇదే: గంటకు పోయే డబ్బును తగ్గించుకోవడం.

పిల్లల్ని ఆడనివ్వొచ్చా? ఇది జూదం కాదా?

చట్టం లెక్కలో జూదపు యంత్రమే. బ్రిటన్ 2005 గ్యాంబ్లింగ్ చట్టం కింద ఇవి డి కేటగిరీలో ఉన్నాయి. ఈ కేటగిరీ యంత్రాలను 18 ఏళ్లు నిండనివాళ్లు కూడా ఆడొచ్చు. కాయిన్ పుషర్‌లో ఒక్కసారికి గరిష్ఠ పందెం 20 పెన్స్. గరిష్ఠ బహుమతి 20 పౌండ్లు, అందులో నగదు 10 పౌండ్లకు మించకూడదు.

చట్టం ఒప్పుకుంటుంది సరే, ఇంట్లో ఏం ఒప్పుకోవాలన్నది మీ ఇష్టం. పిల్లాడి చేతికి ఒక కప్పు ఇచ్చి "ఇది అయిపోతే అయిపోయినట్టే" అని ముందే చెప్పి, అయిపోయాక నిజంగానే లేపుకుని రండి. రెండో కప్పు ఇచ్చారంటే మొదటి మాట గాలికి పోయినట్టే.

ఈ మెషీన్లు ఎప్పటినుంచి ఉన్నాయి?

1960లలో కెంట్‌లోని రామ్స్‌గేట్‌కు చెందిన క్రాంప్టన్ కంపెనీ 'పెన్నీ ఫాల్స్' పేరుతో తెచ్చినవి బాగా పాకాయి. అప్పట్లో వాటిలో వేసింది పాత పెద్ద పెన్నీ. 1971 ఫిబ్రవరి 15న దశాంశ నాణేలు వచ్చాక 2 పెన్స్ ఆ చోటులోకి వచ్చి కూర్చుంది.

## మెషీన్ ఎంచుకునేటప్పుడు

అంచు మీద కుప్పలుగా వేలాడుతున్నదాన్ని పట్టుకుంటే సరిపోతుందిగా?

సరిపోదు. అందరూ దెబ్బతినేది ఇక్కడే. ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోయేట్టు కనిపించడం ఆ మెషీన్ మామూలు స్థితి. పొద్దున్న తలుపు తీసినప్పుడూ అలాగే ఉంటుంది, రాత్రి మూసేటప్పుడూ అలాగే ఉంటుంది.

అద్దానికి కళ్లు ఆనించి, వేలాడే బిళ్లల తోక వైపు చూడండి. సగానికి పైగా గాల్లో ఉన్న బిళ్ల పడకపోతే, దాని వెనక అంచు మీద ఇంకో బిళ్ల కూర్చుని నొక్కి పట్టుకుందన్నమాట. ఆ రెండోదాని తోక మీద మూడోది. ఇలా పేరుకున్న గుట్ట చూడ్డానికి ఎంత ముందుకు వంగినా గట్టిగానే ఉంటుంది. అలాంటిచోట కొత్తగా వచ్చిన బిళ్లలు తోయడం మానేసి గుట్టెక్కుతాయి. అదే ఒక్క వరసలో పరుచుకుని, తోకల మీద ఏ బరువూ లేకుండా అంచు దాటిన బిళ్లలు నాలుగైదు కనిపించాయంటే, కుప్ప చిన్నదైనా అదే నయం.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలి?

బిళ్ల వేయకుండా ఊరికే నిలబడి, అర కొన్నిసార్లు ముందుకూ వెనక్కూ కదిలేదాకా చూడండి. ముఖ్యంగా ముందు అంచు మీది బిళ్లలు కదులుతున్నాయా అన్నది. అర తోసిన ప్రతిసారీ అంచు బిళ్లలు వెంట్రుకవాసి జరుగుతుంటే తోపు ముందుదాకా చేరుతున్నట్టు. రద్దీ బస్సులో వెనక తలుపు దగ్గర తోస్తే డ్రైవర్ పక్కనున్నవాడు కదిలినట్టు. వెనక మాత్రమే కదలిక ఉండి ముందు చలనం లేకపోతే మధ్యలో గుట్ట ఆ తోపును మింగేస్తోంది. ఆ మెషీన్ వదిలేయండి.

తర్వాత పక్కలు. రెండు వైపులా సందులు అంచు నుంచి ఎంత లోతుకు ఉన్నాయో చూడండి. కొన్నిటిలో ముందు మూలల్లోనే ఉంటాయి, కొన్నిటిలో పక్క పొడవునా ఉంటాయి. పొడవునా ఉన్నది ఎంత కళకళలాడినా దాని జోలికి పోవద్దు. గుట్ట మధ్యలో ఉందా, పక్కకు వాలిందా అన్నదీ చూడాలి. పక్కకు వాలిన గుట్ట కూలితే చప్పుడు మీకు, సొమ్ము వాళ్లకు.

ఒకడు బోలెడు పోసి లేచి వెళ్లాడు. వెంటనే వెళ్లి కూర్చుంటే లాభమా?

కొంత నిజముంది. ఫ్రూట్ మెషీన్‌లో (చక్రాలు తిరిగే స్లాట్ మెషీన్) ముందువాడు పోగొట్టుకున్నదానితో మీ వంతుకు ఏ ఉపకారమూ ఉండకపోవచ్చు. పుషర్ అలా కాదు, వాడు వేసిన బిళ్లలు మీ కళ్లముందే పడి ఉంటాయి. కాకపోతే అందులో ఎన్ని పక్క సందుల్లోకి పోయాయో, ఎన్ని గుట్టెక్కి కూర్చున్నాయో తెలియదు. వాడు ఎంత పోగొట్టుకున్నాడన్నది వదిలేసి, బిళ్లలు ఇప్పుడు ఎలా ఉన్నాయో చూసుకోండి.

మర్యాద సంగతి కూడా చెప్పాలి. మనిషి లేచినంత మాత్రాన వదిలేసినట్టు కాదు, చిల్లర మార్చుకోవడానికి వెళ్లి ఉండొచ్చు. అంచు మీద కప్పు పెట్టి ఉంటే ఆ సీటు వాళ్లదే. చిన్నపిల్లల వెనక కాచుకుని నిలబడటం మాత్రం చూడ్డానికే బాగుండదు, దయచేసి ఆ పని చేయకండి. ట్రేలో ఎవరివో బిళ్లలు మిగిలి ఉంటే పిలిచి ఇచ్చేయండి.

2 పెన్స్‌దా, 10 పెన్స్‌దా?

2 పెన్స్‌దే. 10 పెన్స్‌దాంట్లోనూ తోపు అదే, పక్క సందులు అవే, డబ్బు పోయే వేగం మాత్రం అయిదు రెట్లు.

కీచెయిన్లు, నోటు చుట్టిన ప్రైజులు పెట్టినదాంట్లో ఆడితే మేలా?

ప్రైజు బిళ్లల మీద తేలుతూ వస్తుంది. దాని కింది పరుపు కదిలితేనే అది కదులుతుంది. దాని అడుగుభాగంలో సగం అంచు దాటేదాకా అది పడదు, ఎంత ఊరించినా సరే. మెత్తటి బొమ్మ అయితే ఇంకా తంటా. కాళ్లూ చేతులూ పక్కనున్న గుట్టలకు తట్టుకుని ఆగిపోతుంది. గుండ్రంగా, చిన్నగా, బరువుగా ఉన్నవి తొందరగా వస్తాయి.

లెక్క మాత్రం మర్చిపోకండి. ప్రైజు కోసం 4 పౌండ్లు పోసి, పౌండు చేయని కీచెయిన్‌తో "కొట్టాం" అని గ్రూపులో ఫోటో పెట్టేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. బహుమతి బాగుందనిపిస్తే ముందు దాని ధర ఊహించుకుని, అందులో సగం దగ్గర ఆగిపోవాలని నిర్ణయించుకోండి. నోటు చుట్టిన ప్రైజులు చాలాసార్లు గుట్ట వెనక భాగంలో, సిబ్బంది పెట్టిన చోటే ఉంటాయి. అక్కడినుంచి అంచుకు రావడానికి పట్టే బిళ్లలన్నీ మీరే వేయాలి.

## ఆడేటప్పుడు

బిళ్ల ఎప్పుడు వేయాలి? అర ముందుకొచ్చినప్పుడా, వెనక్కి పోయినప్పుడా?

బిళ్ల అర మీద పడే క్షణానికి అర బాగా ముందుకొచ్చి ఉండాలి. ఎందుకంటారా? పై అర వెనకాల కదలని గోడ ఒకటుంటుంది. అర ముందుకొచ్చినప్పుడు ఆ గోడకూ బిళ్లల గుంపుకూ మధ్య ఖాళీ పట్టీ తేలుతుంది. మీ బిళ్ల ఆ పట్టీలో బోర్లా పడుకోవాలి. అర వెనక్కి పోయేటప్పుడు గోడ బిళ్లకు అడ్డుపడుతుంది, బిళ్ల ముందున్నదాన్ని నెడుతుంది, అలా పై అర అంచు నుంచి ఒకటో రెండో కింది పళ్లెం మీదికి రాలతాయి. కింద కూడా ఇదే కథ: అర వెనక్కి పోయినప్పుడు రాలినవి దాని ముందు ఖాళీలో పడతాయి, అర ముందుకొచ్చి వాటిని తోస్తుంది.

2 పెన్స్ బిళ్ల వెడల్పు 25.9 మిల్లీమీటర్లు. ఖాళీ పట్టీ అంతకంటే సన్నగా ఉంటే బిళ్ల పడుకోలేదు, పక్కవాటి నెత్తికెక్కుతుంది.

స్లాట్‌లో వేసినదానికీ అర మీద పడినదానికీ మధ్య కొంత ఆలస్యం ఉంటుంది, దారిలో మేకులు ఉంటే ఇంకా ఎక్కువ. మొదటి నాలుగైదు బిళ్లలు ఆ ఆలస్యం తెలుసుకోవడానికే అనుకోండి. అర వెనక ఉన్నప్పుడు వదలాలా, సగం దూరం వచ్చాక వదలాలా అన్నది ఆ మెషీన్ దగ్గరే తేలుతుంది.

గబగబా వరసగా వేస్తే ఎక్కువ బలంగా తోస్తుంది కదా?

రెండు బిళ్లలు ఒకే చోట పడితే ఒకదాని మీద ఇంకోటి కూర్చుంటుంది. కిందిది తోస్తుంది, పైది ఊరికే సవారీ చేస్తుంది. రెండో 2 పెన్స్ దండగ. పైగా అది గుట్టకు బరువై కూర్చుని తర్వాతివాటికీ అడ్డం.

అర ఒకసారి ముందుకొస్తే ఒక్క బిళ్ల, అదే మంచి లయ. రెండు స్లాట్లు ఉండి రెండూ పక్కపక్కన ఖాళీల్లో పడతాయనుకుంటే రెండు చేతులతో వేయొచ్చు.

ఏ స్లాట్‌లో వేయాలి? పక్కదా మధ్యదా?

మధ్యకు దగ్గరగా. బిళ్లలు తమ ఎదురుగా ఉన్నవాటినే కాకుండా చుట్టూ ఉన్నవాటినీ జరుపుతాయి, గోడ పక్కన పడినదాని తోపులో మంచి భాగం సందు వైపు పోతుంది. కొన్ని పాత మెషీన్లలో స్లాటును కాస్త అటూ ఇటూ తిప్పి గురి పెట్టే వీలుంటుంది. అవి దొరికితే వదలకండి. మేకుల మీద గెంతుతూ దిగే రకంలో గురి అన్నమాటే ఉండదు, బిళ్ల వేసే వేళ మాత్రమే మీ చేతిలో ఉంటుంది.

కాస్త తట్టితే పడిపోయేలా ఉంది. చిన్నగా భుజం ఆనిస్తే?

వద్దు. కుదుపు తెలిసిపోయే అలారాలు ఉంటాయి. హాలంతా వినబడుతుంది, సిబ్బంది వచ్చి బయటికి పొమ్మంటారు. బ్రిటన్ 2005 గ్యాంబ్లింగ్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం జూదంలో మోసం నేరం, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. 2 పెన్స్ బిళ్ల కోసం కోర్టుకెక్కేదాకా తేకపోవచ్చు గానీ, వీసా మీద ఉన్నవాళ్లకు ఈ సరదా అవసరమా?

అయస్కాంతం పనిచేస్తుందట, నిజమేనా?

ఈ పుకారుకు ఒక మూలం ఉంది. 1992 నుంచి ముద్రించిన 2 పెన్స్ బిళ్లలు చాలావరకు రాగి పూత పూసిన ఉక్కువి, అయస్కాంతానికి అంటుకుంటాయి. అంతకుముందువి కంచువి, అంటుకోవు. అందుకని ఇంట్లో బల్ల మీద చేసి చూసినవాళ్లు ఇక్కడా పనిచేస్తుందనుకుంటారు. మెషీన్‌లో మాత్రం మధ్యలో మందపాటి అద్దం ఉంది, ఎత్తు ఉంది, బిళ్ల మీద బిళ్ల బరువు ఉంది. పైగా ఇది సూటిగా మోసం కిందికే వస్తుంది.

లోపల ఏదో సెట్టింగ్ పెట్టి పడనివ్వడం లేదా?

మామూలు 2 పెన్స్ పుషర్‌కు అంత అక్కర్లేదు. పక్క సందుల వెడల్పు, అంచు దగ్గర పళ్లెం వాలు, అర ఎంత దూరం కదలాలన్నది, ఇవి ముందే ఖరారై ఉంటాయి, వాటితోనే యజమాని వాటా తేలిపోతుంది. తెరలు, తిరిగే చక్రాలు, బోనస్‌లు ఉన్న కొత్త రకాల విషయం వేరు. అక్కడ బోనస్ ఎప్పుడు రావాలన్నది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, మీరు బిళ్ల వేసే వేళకు దానిమీద పెత్తనం లేదు.

బిళ్ల దారిలో ఇరుక్కుంది.

కొట్టకండి, అటెండెంట్‌ను పిలవండి. తాళం తీసి సరిచేస్తారు. ఆ తలుపు తెరిచినప్పుడు లోపల ప్లాస్టిక్ డబ్బాలోకి పక్కల నుంచి వచ్చి పడిన బిళ్లలు ఎన్ని ఉన్నాయో ఒక చూపు చూడండి. ఎవరు చెప్పినా తలకెక్కని లెక్క అక్కడ ఎక్కుతుంది.

## ఆపేటప్పుడు, ఆ తర్వాత

ఎప్పుడు లేవాలి?

రెండు కప్పులు పెట్టుకోండి. ఒకటి వేయాల్సినవి, ఇంకోటి ట్రేలోంచి తీసినవి. మొదటిది ఖాళీ కాగానే ఆ రౌండు ముగిసినట్టు. రెండోదాన్ని పట్టుకుని నడిచి, ఇంకో మెషీన్ చూడాలా, ఐస్‌క్రీం తినాలా అన్నది నిలబడి ఆలోచించండి. కూర్చుని ఆలోచిస్తే చెయ్యి ట్రేలోకే పోతుంది.

పెద్ద కుప్ప ఒకటి పడిన వెంటనే లేవడం చాలామంది చేయలేని పని. ముందు భాగం ఖాళీ అయిన మెషీన్ మళ్లీ నిండేదాకా వేసినవాటిలో ఎక్కువ భాగం లోపలే ఉండిపోతుంది. ఆ నింపుడు ఖర్చు మీరెందుకు పెట్టుకోవాలి?

కప్పునిండా 2 పెన్స్‌లు మిగిలాయి. వీటినేం చేయాలి?

ముందు ఆ ఆర్కేడ్ కౌంటర్‌లోనే అడగండి, చాలాచోట్ల మార్చిస్తారు. ఇంటికి తెచ్చుకుంటే బ్యాంకు ప్లాస్టిక్ సంచుల్లో వేసి జమ చేయొచ్చు: 2 పెన్స్ అయితే సంచికి సరిగ్గా 1 పౌండు, అంటే 50 బిళ్లలు, 356 గ్రాములు. దుకాణంలో గుమ్మరించే ఆలోచన వద్దు. చట్టప్రకారం అప్పు తీర్చడానికి 2 పెన్స్ బిళ్లలు 20 పెన్స్ విలువ దాకా మాత్రమే చెల్లుబాటు, దుకాణంలో తీసుకోవాలా వద్దా అన్నది ఎటూ వాళ్ల దయ.

చేతులు కడుక్కోకుండా చిప్స్ తినకండి. గంట ఆడితే వేళ్లు నల్లబడతాయి, ఆ రాగి వాసన సబ్బుకు కూడా ఒకంతట పోదు.

డబ్బు బదులు టికెట్లు రాలే రకంలో ఆడొచ్చా?

ముందు ప్రైజు షాపు అద్దాల ముందుకెళ్లండి. బయట 2 పౌండ్లకు దొరికే వస్తువుకు ఎన్ని టికెట్లు అడుగుతున్నారో చూసి భాగించండి, ఒక్కో టికెట్ విలువ తెలుస్తుంది. ఆ అంకె చూశాక కూడా ఆడాలనిపిస్తే ఆడండి. టికెట్లు ఎంతకాలం చెల్లుతాయో కనుక్కోండి, వచ్చే ఏడు అదే ఊరికి వెళ్తారన్న గ్యారంటీ లేదు కదా.

## వేరే చోట్ల

హైదరాబాద్ మాల్స్‌లో ఉన్నవాటికీ ఇదే పద్ధతా?

తోపు అదే, లెక్క వేరు. గేమ్ జోన్‌లలో చాలాచోట్ల కార్డు గీస్తే కొన్ని బిళ్లలు పడతాయి, గెలిచింది టికెట్లుగా కార్డులో చేరుతుంది, నగదుగా రాదు. అందుకని ఒక్క గీతకు ఎన్ని రూపాయలు తెగుతున్నాయో ముందు చూసుకోండి. రీచార్జి ఆఫర్ మీద కొన్న కార్డయితే అసలు ధర మనసులో నిలవదు.

అమెరికాలో మా అక్కావాళ్లు కార్డులు పడే పుషర్ ఆడతారు. సెట్టు పూర్తి చేస్తే బోలెడు టికెట్లట.

ఆ సెట్టులో ఒక కార్డు అరుదుగా వచ్చేది ఉంటుంది, కథంతా దానిదే. మిగతావి రెండేసి మూడేసి వస్తాయి. ఆ అరుదైన కార్డు అంచు దగ్గర కనిపిస్తేనే కూర్చోమనండి, లేకపోతే విడి కార్డుల విలువ చూసి నిర్ణయించుకోమనండి.

జపాన్‌లో ఇంకా పెద్దవి ఉంటాయటగా?

అవును, ఒక్కో మెషీన్ గదంత ఉంటుంది. అక్కడ ఆడేది మెడల్స్‌తో. వాటిని నగదుగానో బహుమతులుగానో మార్చుకోవడం కుదరదు, బయటికి తీసుకుపోవడమూ కుదరదు. మిగిలినవి ఆ ఆర్కేడ్‌లోనే ఖాతాలో దాచుకుని మళ్లీ వచ్చి ఆడుకోవచ్చు. డబ్బు ఆశ లేకుండా చప్పుడు, వెలుగులు, కూలే గుట్టలు మాత్రమే కావాలంటే అదే చక్కటి చోటు.

ఫోన్‌లో కాయిన్ పుషర్ యాప్ ఉంది, ఆడితే డబ్బిస్తామంటోంది. ట్రిక్కులు పనిచేస్తాయా?

అక్కడ బరువు, రాపిడి, పక్క సందు ఏవీ నిజమైనవి కావు. బిళ్ల పడాలా వద్దా అన్నది ప్రోగ్రామ్ ఇష్టం. మొదట్లో గలగలా రాల్చి, డబ్బు తీసుకునే హద్దు దగ్గరికి వచ్చేసరికి చుక్కలు లెక్కబెట్టిస్తాయి. ఈలోపు మీరు చూసిన ప్రకటనలే వాళ్ల ఆదాయం. మీ దగ్గర డబ్బు కట్టించుకుని ఆడించేవైతే, ఇండియాలో 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం అలాంటి ఆటలను నిషేధించింది. గెలిచింది పంపిస్తాం, ఆధార్, బ్యాంకు వివరాలు ఇవ్వండి అని అడిగితే వెంటనే యాప్ తీసేయండి.